అమ్మానాన్నలకి బోస్టన్ ఎర్ర గీత చూపించాలంటే, ముందు కంపెనీ కథ చెప్పండి

మీరు అడిగింది ఇది: అక్టోబరు మూడో వారంలో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. బోస్టన్‌లో రెండు రోజులు ఉంటారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, అమ్మగారికి ఇంగ్లీషు అంతగా రాదు. ఫ్రీడమ్ ట్రెయిల్ మీద, అంటే అమెరికా స్వాతంత్ర్య పోరాటం నాటి 16 చోట్లను కలిపే ఎర్ర గీత దారిలో, పాత కట్టడాలు చూపించడం అయ్యే పనేనా, లేకపోతే బస్సులో ఊరంతా ఓ చుట్టు తిప్పి తీసుకొచ్చేయమంటారా?

అయ్యే పనే. బస్సు వద్దు. కాకపోతే 16 చోట్లూ చూపించి తీరాలని మాత్రం పెట్టుకోకండి.

నేను ఈ ఊళ్ళో 18 ఏళ్ళుగా ఉంటున్నాను. మా అమ్మానాన్నలతో, అత్తయ్యగారు మామయ్యగార్లతో, స్నేహితుల ఇళ్ళకి వచ్చిన పెద్దవాళ్ళతో ఈ దారిలో చాలాసార్లు నడిచాను. మొదటిసారి మామయ్యగారిని ఒక జూలై ఎండలో ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కరోజులో నడిపించాను. దాదాపు 4 కిలోమీటర్లు. ఆ రాత్రి ఆయన కాళ్ళకి కాపడం పెట్టుకుంటూ, "ఇంతకీ ఆ తెల్ల గోపురం చర్చిలో ఏం జరిగిందమ్మా?" అని అడిగారు. నాకు గుండె చివుక్కుమంది. రోజంతా గోడలు చూపించాను గాని కథ చెప్పలేదు. అక్కడ ఉండే గైడ్లు బాగానే చెబుతారు, పాతకాలపు దుస్తులు వేసుకుని మరీ చెబుతారు. కాని ఆ వేగం, ఆ యాస మన పెద్దవాళ్ళకి అందవు. అందుకని ముందురోజు రాత్రి భోజనాల దగ్గరే తెలుగులో కథ చెప్పేయండి. మర్నాడు వాళ్ళు చూసేది తెలిసిన కథలోని చోట్లు అవుతాయి.

కథ ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అసలు సంగతి. జార్జి వాషింగ్టన్‌తో మొదలుపెడితే వాళ్ళకి అది పరాయి కథ. ఈస్టిండియా కంపెనీతో మొదలుపెట్టండి. అది మన ఇంటి కథే.

నేను చెప్పే పద్ధతి ఇదీ. కంపెనీవాళ్ళు 1611లోనే మచిలీపట్నంలో వర్తకానికి దిగారు. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో, 1766లో నిజాముతో ఒప్పందంతో ఉత్తర సర్కార్లు వాళ్ళ చేతికి వచ్చాయి. గుంటూరు సర్కారు మాత్రం చివరికి 1788లో చేరింది. ఈలోపు బెంగాల్లో ఇదే కంపెనీ పాలనలో 1770 కరువు వచ్చి లక్షల మంది ఆకలితో పోయారు. ఆదాయం పడిపోయింది, అప్పులు పెరిగాయి, లండన్ గోదాముల్లో అమ్ముడుపోని తేయాకు గుట్టలుగా పేరుకుపోయింది. కంపెనీ మునిగితే లండన్ షావుకార్లు, పార్లమెంటు సభ్యులు కూడా మునుగుతారు. అందుకని 1773లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టం చేసింది: కంపెనీ తన తేయాకును దళారీలు లేకుండా నేరుగా అమెరికా వలసలకి పంపి అమ్ముకోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. తేయాకు మీద పన్ను పెంచారు, అందుకు జనం తిరగబడ్డారు అనుకుంటారు. పన్ను పెరగలేదు. పౌను బరువుకి 3 పెన్నీల పాత సుంకమే ఉంచారు. నిజానికి తేయాకు ధర తగ్గింది. జనానికి కోపం తెప్పించినవి రెండు. తాము ఎన్నుకోని సభ వేసిన పన్నును చవక సరుకు చాటున ఒప్పించజూడటం ఒకటి. ఆ వ్యాపారం మొత్తాన్ని ఒక్క కంపెనీకి, అది ఎంచుకున్న కొద్దిమంది ఏజెంట్లకి కట్టబెట్టడం రెండోది. ఆ ఏజెంట్లలో ఇక్కడి గవర్నరు హచిన్‌సన్ కొడుకులూ ఉన్నారు. బెంగాల్లో కంపెనీ ఏం చేసిందో అప్పటికే ఇక్కడి పత్రికల్లో, కరపత్రాల్లో వస్తోంది. ఆసియాను పీల్చేసినవాళ్ళు ఇప్పుడు మన మీద పడుతున్నారని రాసినవాళ్ళున్నారు. నాన్నగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి. గుంటూరు కంపెనీ కిందకి రావడానికి 15 ఏళ్ళ ముందే, గుంటూరు పేరైనా వినని బోస్టన్ జనం అదే కంపెనీ సరుకును సముద్రంలో పారబోశారు. స్వాతంత్ర్య యుద్ధానికి దారి తీసిన ఘటనల్లో అదొకటి.

అమ్మగారు "అది మన అస్సాం టీయేనా?" అని అడగొచ్చు. మా అమ్మ అడిగింది. కాదు, అంతా చైనా తేయాకే. అస్సాంలో తోటలు పెట్టింది 1830ల తరవాత.

ఇక మొదటి రోజు. పదింటికి పార్క్ స్ట్రీట్ స్టేషన్లో దిగండి. ఎదురుగా ఉన్నదే బోస్టన్ కామన్, 1634 నుంచి ఊరి ఉమ్మడి బీడు. ఆవులు మేసేవి, మిలిషియా అనే ఊరి సైనిక దళం కవాతు చేసేది, ఉరితీతలూ జరిగేవి. క్వేకరు అనే క్రైస్తవ శాఖలో చేరి, వెళ్ళగొట్టినా తిరిగొచ్చినందుకు 1660లో మేరీ డయర్ అనే ఆవిణ్ణి ఉరి తీశారు. మత స్వేచ్ఛ కోసం ఇల్లూ వాకిలీ వదిలి సముద్రం దాటి వచ్చినవాళ్ళే ఆ పని చేశారు. పైన బంగారు గుమ్మటం ఉన్న స్టేట్ హౌస్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం, ముందు ఆవిడ విగ్రహం ఉంది. ఆ గుమ్మటాన్ని కింద నుంచే చూపించండి, ఎక్కించకండి. అది 1798 నాటిది, మన కథలోకి రాదు.

అక్కడి నుంచి నేల మీద ఎర్ర ఇటుకల గీత పట్టుకుంటే ఫాన్యుల్ హాల్ దాకా సుమారు కిలోమీటరు. మొదటి రోజుకి అంతే చాలు. దారిలో ముందుగా గ్రేనరీ శ్మశానం వస్తుంది, 1660 నాటిది. స్వాతంత్ర్య పోరాటంలో పేరుపడ్డ శామ్యూల్ ఆడమ్స్, జాన్ హాన్‌కాక్, పాల్ రివీర్ ముగ్గురి సమాధులూ అక్కడే ఉన్నాయి. రాళ్ళ మీద రెక్కలున్న పుర్రె బొమ్మలు కనిపిస్తాయి. శ్మశానమని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. మా అత్తయ్యగారు లోపలికి రానన్నారు, ఇంటికెళ్ళి తలస్నానం చేయాల్సి వస్తుందని. ఆమె మాటని కాదనలేదు. కటకటాల బయట పేవ్‌మెంట్ మీద నుంచుని చూసినా నడుమ నిలబెట్టిన పెద్ద రాతి స్తంభం కనిపిస్తుంది. దాని మీద ఫ్రాంక్లిన్ అని పెద్ద అక్షరాలుంటాయి గాని అది బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధి కాదు, వాళ్ళ అమ్మానాన్నలది. ఆయన ఫిలడెల్ఫియాలో ఉన్నాడు.

కొంచెం ముందుకెళితే కింగ్స్ చాపెల్, బూడిద రంగు రాతి కట్టడం. అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. కాని దానికి దగ్గర్లో పెంబర్టన్ స్క్వేర్ వైపు ఒక సంగతి ఉంది, దాని కోసం రెండు నిమిషాలు కేటాయించండి. అక్కడి కొండ మీద 1649లో ఎలైహు యేల్ పుట్టాడు. పసివాడుగా ఉండగానే ఇంగ్లండు వెళ్ళిపోయాడు, తరవాత కంపెనీ కొలువులో చేరి 1687 నుంచి 1692 దాకా చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోటకి అధిపతిగా ఉన్నాడు. సొంత వ్యాపారం పేరుతో కంపెనీ సొమ్ము వాడుకున్నాడన్న ఆరోపణలతో పదవి పోయింది. ఆయన ఏలుబడిలో మద్రాసు రేవు నుంచి బానిసల ఎగుమతి కూడా సాగింది. ఆ సంపాదనలోంచి 1718లో కనెటికట్‌లోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ళ సరుకు, కొన్ని వందల పుస్తకాలు పంపితే వాళ్ళు ఆ కాలేజీకి ఆయన పేరు పెట్టుకున్నారు. అదే యేల్ విశ్వవిద్యాలయం. కొడుకో కూతురో అక్కడ చదువుతున్న తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

స్కూల్ స్ట్రీట్ దిగువకి వెళ్ళి కుడిచేతి వైపు తిరిగితే ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్. టికెట్ కొనాలి. మొత్తం దారిలో ఒక్క చోటే డబ్బు పెడతానంటే ఇక్కడే పెట్టమంటాను. పక్కనున్న ఓల్డ్ స్టేట్ హౌస్‌కి కూడా అదే టికెట్ చెల్లుతుందేమో కౌంటరు దగ్గర అడగండి. 1729లో కట్టిన ప్రార్థనా మందిరం. లోపల అలంకారాలేవీ ఉండవు. తెల్లటి గోడలు, ఎత్తయిన కిటికీలు, చెక్క బల్లలు, అంతే. నాన్నగారు ఎంతసేపైనా కూర్చోవచ్చు. 1773 డిసెంబరు 16న ఇక్కడ సుమారు 5,000 మంది కిక్కిరిసి కూర్చున్నారు, నుంచున్నారు. డార్ట్‌మత్ అనే ఓడ తేయాకుతో వచ్చి 20 రోజులు కావస్తోంది. మర్నాటికల్లా సుంకం కట్టకపోతే సరుకు కస్టమ్స్ వాళ్ళ చేతికి పోతుంది. ఓడను వెనక్కి పంపనివ్వమని దాని యజమానిని గవర్నరు దగ్గరకి పంపారు. చీకటి పడ్డాక ఆయన తిరిగొచ్చి గవర్నరు కుదరదన్నాడని చెప్పాడు. దేశాన్ని కాపాడుకోవడానికి ఈ సభ ఇక చేయగలిగింది లేదని శామ్యూల్ ఆడమ్స్ అన్నాడు. కాసేపటికి మోహాక్ ఆదివాసుల వేషాల్లో కొందరు రేవు వైపు నడిచారు, వెనకే జనం. మూడు గంటల్లో మూడు ఓడల మీదున్న 342 పెట్టెలు పగలగొట్టి నీళ్ళలో పోశారు. దాదాపు 42 టన్నుల తేయాకు. ఇంకేదీ ముట్టుకోలేదు. ఒక తాళం పగిలితే దానికి బదులు కొత్త తాళం పంపారు.

నాన్నగారిని ఆ బల్ల మీద కూర్చోబెట్టి చీరాల పేరాల గురించి అడగండి. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టం అని జనం ఊళ్ళే ఖాళీ చేసి బయట పాకల్లో ఉన్నారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెనక. మరుసటి ఏడాది పెదనందిపాడు ఫిర్కాలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. గుంటూరు జిల్లావాళ్ళకి ఈ రెండూ పెద్దల నోట విన్న కథలే. మా నాన్న ఈ హాల్లో కూర్చుని పెదనందిపాడు గురించి అరగంట చెప్పారు. నేను అంతకుముందు ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఆ హాలు వదిలే ముందు ఇంకొక పేరు చెప్పండి, ఫిలిస్ వీట్లీ. 1761లో ఏడెనిమిదేళ్ళ పిల్లను ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి ఈ ఊళ్ళో అమ్మారు. తీసుకొచ్చిన ఓడ పేరే ఆ పిల్లకి పేరైంది. ఇంగ్లీషు, లాటిన్ నేర్చుకుని కవిత్వం రాసింది. ఈ మందిరంలోనే సభ్యురాలు. 1773లో లండన్‌లో ఆమె కవితల పుస్తకం అచ్చయింది. దాని ప్రతులు ఇక్కడికి చేరింది ఏ ఓడలోనో తెలుసా? తేయాకు తెచ్చిన ఆ డార్ట్‌మత్ లోనే. పన్ను మాకు దాస్యం అని ఇక్కడ ఉపన్యాసాలు సాగుతున్నప్పుడు, నిజంగానే బానిసగా బతికిన అమ్మాయి రాసిన పుస్తకాలు అదే ఓడ నుంచి దిగాయి. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పడం నాకు మనసొప్పదు.

ఆ తర్వాతది ఓల్డ్ స్టేట్ హౌస్, 1713 నాటి ఎర్ర ఇటుకల భవనం. చుట్టూ ఆకాశాన్నంటే బిల్డింగులు, కాళ్ళ కింద సబ్‌వే స్టేషను. పైన బ్రిటిషు రాజముద్రలోని సింహం, ఒంటికొమ్ము గుర్రం ఇప్పటికీ ఉన్నాయి. అవి తరవాత చేసి పెట్టినవి. అసలువాటిని 1776లో జనం పీకి కాల్చేశారు. తూర్పు వైపు బాల్కనీ నుంచే ఆ జూలై 18న స్వాతంత్ర్య ప్రకటన చదివారు. సరిగ్గా 200 ఏళ్ళకి, 1976లో, బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ వచ్చి అదే బాల్కనీలో నుంచుని మాట్లాడింది. లోపలి మ్యూజియం బాగుంటుంది గాని మెట్లెక్కాలి. నాన్నగారి మోకాళ్ళు అప్పటికి ఎలా ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి.

బాల్కనీ కింద రోడ్డు మీద రాళ్ళతో చేసిన గుండ్రటి గుర్తు ఉంటుంది. 1770 మార్చి 5న బ్రిటిషు సైనికుల తూటాలకి ఐదుగురు పోయిన ఘటనకి గుర్తు అది. రోడ్లు మార్చినప్పుడు దాన్ని కూడా జరిపారు, కాబట్టి సరిగ్గా అదే జాగా కాదు. చనిపోయినవాళ్ళలో మొదట చెప్పే పేరు క్రిస్పస్ ఆటక్స్. ఆఫ్రికన్, ఆదివాసీ రక్తం రెండూ ఉన్న నావికుడు. ఆ సైనికుల తరఫున కోర్టులో వాదించింది తరవాత దేశానికి రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్. ఎవరూ ముందుకు రాని కేసు. ఆయన తీసుకున్నాడు, ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. మా మామయ్యగారు రిటైరైన ప్లీడరు. రెండోసారి వచ్చినప్పుడు ఆ చోట చాలాసేపు ఆగిపోయారు.

ఫాన్యుల్ హాల్ ఉచితం. 1742లో పీటర్ ఫాన్యుల్ అనే వర్తకుడు ఊరికి కట్టిచ్చాడు, కింద అంగడి, పైన సభ. ఆ డబ్బులో బానిసల వ్యాపారం సొమ్మూ ఉంది. పేరు మార్చాలన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. వెనకున్న క్విన్సీ మార్కెట్‌లో బాత్‌రూములు, తిండి దొరుకుతాయి. శాకాహారులకి పిజ్జా, ఫ్రైలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. చౌడర్ అని గిన్నెల్లో తెల్లగా కనిపించేది పాల సూపు కాదు, అందులో గవ్వచేపలుంటాయి, అమ్మగారికి ముందే చెప్పండి. నేనైతే పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్తాను. బయట బెంచీల మీద కూర్చుని తింటే ఎవరూ ఏమీ అనరు. శుక్రవారమో శనివారమో అయితే పక్కనే హేమార్కెట్ సంత ఉంటుంది. అచ్చం మన రైతుబజారు. కేకలు, బేరాలు, గంపెడు పళ్ళు. మా అమ్మకి బోస్టన్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే. ఇక ఆ రోజుకి ఇంటికి వెళ్ళిపోండి.

రెండో రోజు హేమార్కెట్ స్టేషన్లో దిగి నార్త్ ఎండ్‌లోకి వెళ్ళండి. పాల్ రివీర్ ఇల్లు సుమారు 1680 నాటి చెక్క ఇల్లు, చాలా చిన్నది, టికెట్ ఉంటుంది. వెండి పని చేసే కంసాలి ఆయన. రెండు పెళ్ళిళ్ళ మీద పదహారుగురు పిల్లలు. అందరూ ఒక్కసారి ఆ ఇంట్లో లేరు గాని, ఆ వంటగది చూసి అమ్మగారు ఆవిడల గురించే అడుగుతారు చూడండి.

అక్కడి నుంచి మెల్లగా నడిస్తే ఓల్డ్ నార్త్ చర్చి, 1723 నాటిది. మామయ్యగారు అడిగిన తెల్ల గోపురం ఇదే. 1775 ఏప్రిల్ 18 రాత్రి ఈ గోపురం మీద రెండు లాంతర్లు వెలిగించారు. బ్రిటిషు సైన్యం నేల దారిన కాకుండా నీటి మీదుగా కదులుతోందని దాని అర్థం. ఆ సైగ పాల్ రివీర్‌కి అనుకుంటారు. కాదు, ఆయనకి సంగతి ముందే తెలుసు. ఆయన ఊరు దాటలేకపోతే అవతలి ఒడ్డున చార్ల్స్‌టౌన్ వాళ్ళకైనా కబురు అందాలని ఆయనే చేయించిన ఏర్పాటు. ఆ రాత్రి సైన్యం వస్తోందన్న కబురుతో ఆయన ఒక్కడే గుర్రమెక్కలేదు, విలియం డాస్ ఇంకో దారిన వెళ్ళాడు. లెక్సింగ్టన్ అనే ఊరు దాటాక రివీర్ పట్టుబడ్డాడు. ఆ తర్వాతి ఊరు కాంకర్డ్ దాకా కబురు చేర్చింది దారిలో కలిసిన ప్రెస్కాట్ అనే కుర్ర డాక్టరు. చర్చిలో చుట్టూ తలుపులున్న పెట్టెల్లాంటి బల్లలు ఉంటాయి. చలికాలంలో కాళ్ళ దగ్గర కుంపటి పెట్టుకుని వెచ్చగా కూర్చోవడానికి అలా చేయించుకున్నారు.

అక్కడి నుంచి చార్ల్స్‌టౌన్‌కి వంతెన మీద నడిపించకండి. కారు పిలిచి నేవీ యార్డ్‌లో దిగండి. కాన్‌స్టిట్యూషన్ యుద్ధనౌక 1797 నాటిది, అంటే స్వాతంత్ర్యం వచ్చాక, కాని చూడాల్సిందే. ఎక్కడం ఉచితం. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి, పెద్దవాళ్ళకి ఫొటో గుర్తింపు కార్డు అడుగుతారు. ఏ రోజుల్లో ఎక్కనిస్తారో బయల్దేరేముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి. పై డెక్కు మీద తిరిగితే చాలు, కిందికి దిగేవి నిచ్చెనల్లాంటి మెట్లు.

బంకర్ హిల్ స్తంభం అక్కడి నుంచే కనిపిస్తుంది. 221 అడుగులు, 294 మెట్లు, లిఫ్టు లేదు. నాన్నగారికి వద్దు. 1775 జూన్ 17న ఆ కొండ కోసం జరిగిన యుద్ధంలో బ్రిటిషువాళ్ళే గెలిచారు, కాని వెయ్యి మందికి పైగా చచ్చారు, గాయపడ్డారు. యుద్ధం ఎక్కువగా జరిగింది, స్తంభం నిలబడింది కూడా బ్రీడ్స్ హిల్ మీద. పేరు మాత్రం పక్క కొండది.

తిరుగు ప్రయాణం నేవీ యార్డ్ నుంచి లాంగ్ వార్ఫ్‌కి ఫెర్రీలో చేయండి. పది నిమిషాలే. సాయంత్రపు ఎండలో ఊరంతా కనిపిస్తుంది. పడవలో చెప్పడానికి ఒక కథ అట్టేపెట్టుకోండి. ఈ చుట్టుపక్కల చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన ఐసును రంపాలతో కోసి, రంపపు పొట్టులో కప్పి, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు 1833లో కలకత్తాకి ఓడలో పంపాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా ఎక్కువ భాగం కరగలేదు. మద్రాసు మెరీనా ఎదురుగా ఉన్న ఐస్ హౌస్ ఆ వ్యాపారం కోసం కట్టిందే. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం. పెద్దవాళ్ళు ఆ పక్కన నడిచే ఉంటారు.

అక్టోబరు చివరకి పగలు హాయిగా ఉన్నా, నీటి పక్కన గాలి కోస్తుంది. నాన్నగారికి మంకీ క్యాప్, అమ్మగారికి చీర మీదకి మోకాళ్ళ దాకా వచ్చే కోటు, ఇద్దరికీ సాక్సులు, బూట్లు. చెప్పులతో మాత్రం బయల్దేరకండి, ఇటుకలు, గుండ్రాళ్ళు కాలు మెలిపెడతాయి. మడత కుర్చీ ఒకటి చేత పట్టుకోండి. వాన పడితే రెండో రోజు మొత్తం మానేసి, ఓల్డ్ సౌత్‌లోనే ఇంకో గంట కూర్చోండి.